రికార్డు లేకుండానే ఊరూరా హిట్టయిన పాట.. ఎవరీ సుద్దాల హనుమంతు?

తెలంగాణలో ఏ సభకైనా కాస్త ముందుగా వెళ్లి చూడండి. ముఖ్య అతిథి ఇంకా దారిలోనే ఉంటారు. జనం అప్పుడప్పుడే వచ్చి కూర్చుంటుంటారు. ఈలోగా స్టేజీ మీద ఎవరో ఒకరు మైకు అందుకుని గొంతు సవరించుకుంటారు. డప్పు మీద ఒక దెబ్బ పడుతుంది. అలా మొదలయ్యే పాటల్లో పల్లెటూరి పిల్లగాడా అనే పాట మీ చెవిన పడే ఉంటుంది. సభల్లో వినకపోయినా యూట్యూబ్‌లోనో, స్కూల్ వార్షికోత్సవంలోనో వినే ఉంటారు.

పాట అందరికీ తెలుసు. రాసిందెవరు అని అడిగితే మాత్రం చాలామంది కాసేపు ఆలోచిస్తారు. జానపదం కదా, ఎవరు రాశారో ఎవరికి తెలుసు అనేవాళ్లూ ఉన్నారు. కానీ ఈ పాటకు కర్త ఉన్నాడు. ఊరుంది, ఇల్లుంది, పేరుంది. ఆయనే సుద్దాల హనుమంతు. నల్లగొండ జిల్లా కన్న ప్రజాకవి. 1982 అక్టోబర్ 10న కన్నుమూశారు.

ఆయన బతికిన కాలంలో పాట జనంలోకి పోవాలంటే రెండే పెద్ద దారులు. ఒకటి గ్రామఫోన్ రికార్డు, రెండోది రేడియో. ఆయన పాట ఆ రెండు దారుల్లోనూ పోలేదు. అయినా వందల ఊళ్లు తిరిగింది. ఎలా తిరిగిందో తెలియాలంటే ఆయన కథ మొదటి నుంచీ చెప్పుకోవాలి.

మగ్గం ఇంట్లో పుట్టిన గొంతు

హనుమంతు పుట్టింది పాలడుగు గ్రామంలో. మోత్కూరు పక్కన ఉంటుంది. అప్పట్లో నల్లగొండ జిల్లా, ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లా. 20వ శతాబ్దం తొలినాళ్లలో ఒక పేద పద్మశాలి కుటుంబంలో పుట్టారు. మగ్గం ఆడితేనే పొయ్యి మీదికి గిన్నె ఎక్కే ఇల్లు.

చిన్నప్పటి నుంచీ ఆయనకు పాట మీదే ధ్యాస. భజన ఉన్నా, యక్షగానం ఆడుతున్నా, గొల్లసుద్దులు చెప్పేవాళ్లు ఊరికి వచ్చినా అక్కడ ఉండాల్సిందే. అప్పటి నల్లగొండ పల్లెల్లో సంగీతం నేర్పే స్కూళ్లెక్కడివి? రాత్రిపూట రచ్చబండ దగ్గర పెట్రోమాక్స్ లైటు వెలుగులో జరిగే ఆటలే స్కూలు. నాట్లు వేసే ఆడవాళ్ల పాట, బతుకమ్మ పాట, బిచ్చానికి వచ్చిన ఫకీరు పాట, ఏక్‌తార్ మీద వేదాంతం చెప్పే సాధువు తత్వం.. ఇవే పాఠాలు. ఆ వరసలన్నీ హనుమంతు చెవిలో నిలిచిపోయాయి. తర్వాతి రోజుల్లో ఆయనకు అక్కరకొచ్చిన ఆస్తి ఇదొక్కటే.

బతుకుదెరువు కోసం హైదరాబాద్ వెళ్లి చిన్న ఉద్యోగంలో చేరారు. అక్కడే స్థిరపడి ఉంటే ఒక గుమస్తా జీవితం నెమ్మదిగా గడిచిపోయేది. అలా జరగలేదు.

అణా సంఘం పిలిచింది

ఆ రోజుల్లో నల్లగొండ జిల్లా ఎలా ఉండేదో ఈ తరానికి ఊహించడం కష్టం. పాలన నిజాంది. ఊరు మాత్రం దొరది. విసునూరు దేశ్‌ముఖ్ కింద 40 వేల ఎకరాలు ఉండేవని, జన్నారెడ్డి కుటుంబానికి లక్షన్నర ఎకరాలు ఉండేవని పుచ్చలపల్లి సుందరయ్య తన పుస్తకంలో లెక్క చెప్పారు. దొర గడీలో పని ఉందంటే చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ, గొల్ల.. ఎవరైనా కూలి అడగకుండా పోయి చేయాలి. దాని పేరే వెట్టి. నేతపని వాళ్లకూ మినహాయింపు లేదు. మగ్గాల మీద పన్ను కట్టాలి, దొర ఇంటికి బట్ట ఇవ్వాలి.

వెట్టి కంటే మెత్తగా కనిపించే మరో ఉచ్చు కూడా ఉండేది. అది జీతం. ఇప్పుడు జీతం అంటే నెల మొదట్లో బ్యాంకులో పడే డబ్బు. అప్పుడు జీతం ఉండటం అంటే అప్పు కింద మనిషిని కుదవ పెట్టడం. తండ్రి పెళ్లికో రోగానికో దొర దగ్గర కొంత తీసుకుంటాడు. అది తీరేదాకా పని చేయాలి. వడ్డీ పెరుగుతూ పోయేది కాబట్టి తీరే రోజు వచ్చేది కాదు. తండ్రి తర్వాత కొడుకు. దీన్ని భగేలా అనేవాళ్లు. అదుపు చేయడానికి నిజాం ప్రభుత్వం 1936లో ఒక చట్టం కూడా తెచ్చింది. కాగితం మీద చట్టం, ఊళ్లో దొర.. ఏది నడిచిందో వేరే చెప్పక్కర్లేదు. ఈ జీతగాళ్లలో అందరికంటే చిన్నవాళ్లు పశువులు కాసే పిల్లలు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ ఇక్కడికే వస్తాం.

1944లో భువనగిరిలో ఆంధ్ర మహాసభ 11వ మహాసభ జరిగింది. అధ్యక్షుడు రావి నారాయణరెడ్డి. అప్పటిదాకా సభ్యత్వానికి రూపాయి కట్టాలి. కూలోడికి రూపాయి ఎక్కడిది? భువనగిరిలో దాన్ని ఒక్క అణాకు తగ్గించారు. అంతే, చదువుకున్నవాళ్ల సంస్థ కాస్తా ఒక్కసారిగా పల్లెల్లోకి దిగింది. సభ్యత్వ చీటీ ఇస్తారు కాబట్టి జనం దాన్ని చీటీల సంఘం అని, చివరికి ఉత్త సంఘం అని పిలుచుకున్నారు. హనుమంతు ఆ సంఘంలోకి వచ్చారు. ఉద్యోగం వెనక్కిపోయింది. సుద్దాల గ్రామం ఆయన స్థావరమైంది. ఇంటావిడ జానకమ్మ కూడా ఆయనతో పాటు ఉద్యమంలో నడిచారు.

కొత్త మాట, పాత వరస

సంఘానికి అప్పుడు పెద్ద చిక్కు ఒకటుంది. చెప్పాల్సింది చాలా ఉంది. కరపత్రం వేస్తే చదివేవాళ్లు లేరు. స్కూల్లో చదువంతా ఉర్దూలో, అదీ కొద్దిమందికే. ఉపన్యాసం ఇస్తే అరగంటకు జనం కదిలిపోతారు. మరి ఎలా?

పాటే దారి. హనుమంతు ఏం చేశారంటే, కొత్త ట్యూన్ కోసం వెతకలేదు. జనం అప్పటికే పాడుకుంటున్న వరసలనే తీసుకున్నారు. దాంట్లో కొత్త మాట పెట్టారు. గొల్లసుద్దులు చూసినవాళ్లకు తెలుసు.. భుజం మీద గొంగడి, చేతిలో కర్ర, కాళ్లకు గజ్జెలు, ఒకరు కథ అందుకుంటే పక్కవాళ్లు హాస్యంగా ఎదురు ప్రశ్న వేస్తారు. ఆ ప్రశ్నలోనే వెట్టి వచ్చేది, లెవీ ధాన్యం వచ్చేది, పటేలు పట్వారీల లంచాలు వచ్చేవి. బుర్రకథ కట్టారు. ఫకీరు వేషం, సాధువు వేషం వాడుకున్నారు. పిట్టలదొర అయితే చెప్పనే అక్కర్లేదు. ఖాకీ చొక్కా, నెత్తిన టోపీ, చేతిలో ఉత్తుత్తి తుపాకీ, నోరు తెరిస్తే కోతలే. దొరతనాన్ని వెక్కిరించడానికి అంతకంటే మంచి వేషం ఏముంటుంది? జనం పడీపడీ నవ్వేవాళ్లు. నవ్విన తర్వాత ఇంటికి పోయి ఆలోచించేవాళ్లు.

వరస ముందే తెలుసు కాబట్టి పాట ఒక్కసారి వింటే చాలు, పట్టుబడిపోయేది. ఇవాళ్టి భాషలో చెప్పాలంటే వైరల్ కావడానికి కావాల్సిన ఏర్పాటు పాటలోనే ఉంది. సభకు వచ్చిన మనిషి తన ఊరికి పాటతో తిరిగి వెళ్లేవాడు. అక్కడ కలుపు తీసేవాళ్లు నేర్చుకునేవాళ్లు. వాళ్ల చుట్టం ఇంకో ఊరికి మోసుకుపోయేది. ఊరు మారినప్పుడల్లా ఒక మాట మారేది, ఒక చరణం చేరేది.

అటు రికార్డుల లోకం చూస్తే పరిస్థితి వేరు. 78 ఆర్పీఎం రికార్డులో ఒక్కో వైపు మూడు నిమిషాల పాటే పడుతుంది. గ్రామఫోన్ పెట్టె పల్లెలో ఉంటే గింటే దొరలు, కలిగినవాళ్ల ఇళ్లలోనే. ఇక హైదరాబాద్‌లోని దక్కన్ రేడియో నిజాం సర్కారుది. దాంట్లో సంఘం పాట వినిపించే ప్రశ్నే లేదు. హనుమంతు పాటకు ఈ కొలతలేవీ వర్తించలేదు. జనం కూర్చున్నంతసేపూ పాట సాగేది.

అమెరికాలోనూ ఇలాంటోడే ఒకడు

సరిగ్గా ఆ కాలంలోనే ప్రపంచానికి అవతలి కొసన ఇంకొకాయన ఇదే పని చేస్తున్నాడు. పేరు వుడీ గత్రీ. 1912లో అమెరికాలోని ఓక్లహామాలో పుట్టాడు. 1930ల్లో అక్కడ దుమ్ము తుపాన్లు పొలాలను మింగేస్తే వేలాది రైతు కుటుంబాలు మూటాముల్లె సర్దుకుని కాలిఫోర్నియాకు వలసపోయాయి. గిటార్ పట్టుకుని వుడీ కూడా వాళ్ల వెంట పోయాడు. వాళ్ల కష్టాలనే పాటలు కట్టాడు. ఆయన కూడా కొత్త బాణీల జోలికి పెద్దగా పోలేదు. చర్చి పాటలు, కార్టర్ ఫ్యామిలీ లాంటి కంట్రీ గాయకుల బాణీలు తీసుకుని తన మాటలు పెట్టేవాడు. 1940లో ఆయన రాసిన దిస్ ల్యాండ్ ఈజ్ యువర్ ల్యాండ్ పాటను ఇవాళ అమెరికాలో స్కూల్ పిల్లలు కూడా పాడతారు. దాని బాణీ కూడా అలా వచ్చిందే.

ఇద్దరికీ ఒక్క పెద్ద తేడా ఉంది. వుడీని 1940లోనే అలన్ లోమాక్స్ అనే జానపద పరిశోధకుడు కూర్చోబెట్టి, అమెరికా ప్రభుత్వ గ్రంథాలయం కోసం గంటల తరబడి రికార్డు చేశాడు. ఆ గొంతు ఇప్పటికీ భద్రంగా ఉంది. నల్లగొండ పల్లెలో పాడుతున్న హనుమంతు ముందు అప్పుడు ఏ ప్రభుత్వమూ మైకు పెట్టలేదు. ఇక్కడ ప్రభుత్వం పంపింది రజాకార్లను, పోలీసులను.

ఒక పిల్లాడిని పలకరించిన పాట

1946 జులై 4న కడవెండిలో దొర మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమురయ్య నేలకొరిగాడు. అక్కడి నుంచి ఉద్యమం సాయుధ పోరాటంగా మారింది. ఆ పోరాటంలో పాటలు చాలా పుట్టాయి. కోపం పాటలు, పౌరుషం పాటలు, అమరుల పాటలు. హనుమంతు కూడా దెబ్బకు దెబ్బ తీయమని పిలుపునిచ్చే పాటలు రాశారు. కానీ అన్నిటికంటే ఎక్కువ కాలం నిలిచింది మాత్రం గొంతు పెంచని పాట. అదే పల్లెటూరి పిల్లగాడా.

ఆ పాటలో జరిగేది పెద్దగా ఏమీ ఉండదు. పశువుల వెనకాల పోతున్న ఒక పిల్లాడిని ఒక పెద్దమనిషి ఆపి పలకరిస్తాడు, అంతే. తల్లి ఒడి దిగి ఎంతో కాలం కాని పసివాడు. ఒంటి మీద చాలీచాలని చిరుగుల అంగీ, నెత్తిన చిరిగిన గోనె కొప్పెర. కాళ్లకు తాటి మట్ట జోడు. చేతిలో కర్ర, ముందు పశువుల మంద. ఆ పిల్లాడి బతుకు మీద ప్రశ్నలు ఒకదాని తర్వాత ఒకటి వస్తుంటాయి. పిల్లాడు మాత్రం జవాబు చెప్పడు. ఆ జవాబు వినేవాళ్ల దగ్గరే ఉంటుంది.

ఎందుకంటే వినేవాళ్లలో సగం మంది చిన్నప్పుడు జీతం ఉన్నవాళ్లే. తెల్లారకముందే దొర కొట్టం దగ్గర ఉండాలి. పేడ ఎత్తాలి, కుడితి పెట్టాలి, పశువులను తోలుకుపోవాలి. చద్ది సర్వలో గటకో అంబలో ఉంటే ఉన్నట్టు. కునుకు పట్టి ఒక దుడ్డె చేలో పడిందా, ఆ సాయంత్రం దెబ్బలు. కాలిలో ముల్లు విరిగితే తీసేవాళ్లు ఉండరు. ఇక ఏడాది చివర లెక్క చూస్తే ఇచ్చే గింజలు కూడా పాత అప్పు కిందే చెల్లు. ఇది నల్లగొండ ఒక్కదాని సంగతే కాదు. పక్కన పాలమూరులోనూ ఇదే. మట్టి పనులకు దేశమంతా వలసపోయిన పాలమూరు కూలీ ఇళ్లలో ఎంతమంది పిల్లలు ఇలా పెరిగారో! అందుకే ఈ పాట జిల్లా సరిహద్దు చూసుకోలేదు.

ఉపన్యాసంలో భూస్వామ్యం అంటే జనానికి అర్థం కాకపోవచ్చు. అంగీ చిరుగు అర్థమవుతుంది. హనుమంతు పట్టుకున్న కిటుకు అదే. శ్రీశ్రీ లాంటి వాళ్లు పట్నంలో మహాప్రస్థానం గురించి రాస్తున్న కాలంలో, ఆయన ఒక చిన్న పశుల కాపరి కాళ్ల వైపు చూశారు. రెండూ కావాల్సినవే, అది వేరే సంగతి.

పాటకు దొరికిన తెర

1948 సెప్టెంబర్‌లో నిజాం లొంగిపోయాడు. సాయుధ పోరాటం ఆ తర్వాత కూడా నడిచి 1951 అక్టోబర్‌లో ఆగింది. సుందరయ్య చెప్పిన లెక్క ప్రకారం సుమారు 4 వేల మంది ప్రాణాలు పోయాయి, 3 వేల గ్రామాల్లో పోరాటం నడిచింది, 10 లక్షల ఎకరాలు పంచారు. దళాలు అడవి దిగి వచ్చాయి. తుపాకులు పోయాయి. పాటలు మిగిలాయి.

హనుమంతు సుద్దాలలోనే ఉన్నారు. పెద్ద పదవి లేదు, ఆస్తి లేదు. 1960లో అక్కడే కొడుకు అశోక్ తేజ పుట్టాడు. చేతికి అందే దూరంలో పాట ఉన్న ఇల్లు అది.

మూడు దశాబ్దాల తర్వాత పాట మొదటిసారి థియేటర్‌లోకి వచ్చింది. బి.నర్సింగరావు నిర్మాతగా, బెంగాల్ నుంచి వచ్చిన గౌతమ్ ఘోష్ దర్శకుడిగా మా భూమి సినిమా తీశారు. ఉర్దూ రచయిత కిషన్ చందర్ నవల ఆధారం. ఇదే పేరుతో అంతకు ముందు సుంకర, వాసిరెడ్డి రాసిన నాటకం కూడా ఉంది, రెండూ ఒకటి కావు. 1980లో సినిమా విడుదలైంది. అందులో గద్దర్ తెర మీద కనిపించి పాడిన బండెనక బండి కట్టి ఒక్కసారిగా ఊపేసింది. అది రాసింది పోరాట దళ సభ్యుడు బండి యాదగిరి. కానీ చాలామంది ఇప్పటికీ గద్దర్ పాట అనే అంటారు. అదే సినిమాలో హనుమంతు పాట ఒక ఆడగొంతులో వస్తుంది. ఆర్భాటం లేదు, పెద్ద ఆర్కెస్ట్రా లేదు. తెర మీద ఆ పిల్లాడిని చూస్తూ ఆ పాట వింటుంటే హాలు నిశ్శబ్దమైపోవాల్సిందే.

సినిమాతో పాటకు రికార్డు దొరికింది. ఇక ఊరూరా మారే పని లేదు. ఒక రూపం స్థిరపడింది. ఆ తర్వాత క్యాసెట్లు వచ్చాయి, సీడీలు వచ్చాయి, ఇప్పుడు ఫోన్లో వేలితో నొక్కితే చాలు. లాభమే, కాదనలేం. కాకపోతే ఒక నష్టమూ ఉంది. ఊరికో చరణం కలుస్తూ పెరిగే పాట, సినిమాలో ఎంత వచ్చిందో అంతే అన్నట్టు మిగిలిపోయింది. నల్లగొండలో పాత తరం పాడిన తీరు వేరు, మనం విన్నది వేరు.

సినిమా వచ్చిన రెండేళ్లకే హనుమంతు క్యాన్సర్‌తో కన్నుమూశారు. వుడీ గత్రీ కూడా ఏళ్ల తరబడి జబ్బుతో తీసుకుని 1967 అక్టోబర్‌లోనే పోయాడు. ఆయన కొడుకు ఆర్లో గత్రీ సరిగ్గా అదే ఏడాది అమెరికాలో పాటతో పేరు తెచ్చుకున్నాడు. ఇక్కడ అశోక్ తేజ టీచర్ ఉద్యోగం చేస్తూ పాటలు రాసుకుని, 1990ల్లో సినిమాల్లోకి వెళ్లారు. 2003లో వచ్చిన ఠాగూర్ సినిమాలోని నేను సైతం పాటకు జాతీయ అవార్డు అందుకున్నారు. ఆర్ఆర్ఆర్‌లో కొమురం భీముడో రాసిందీ ఆయనే. నటుడు ఉత్తేజ్ కూడా ఈ ఇంటి మనవడే.

ఇంకో ముచ్చట. ఈ కుటుంబం అసలు ఇంటిపేరు సుద్దాల కాదు, గుర్రం. హనుమంతు పుట్టిన ఊరు కూడా సుద్దాల కాదు, పాలడుగు. సంఘం పెట్టి, పాట కట్టి, సంసారం చేసిన ఊరి పేరే జనం ఆయన పేరుకు ముందు చేర్చారు. గుండాల మండలంలోని ఆ చిన్న ఊరి పేరు ఇవాళ పెద్ద పెద్ద సినిమాల టైటిల్స్‌లో, పాటల రచయిత అనే చోట పడుతోంది.